ఐస్ డ్యాన్స్‌లో పడితే: పాత 6.0 మార్కులా, కొత్త పాయింట్లా?

తిరుపతిలో కూచిపూడి నేర్చుకునే మా మేనకోడలు ఐస్ డ్యాన్స్ (స్కేట్లు కట్టుకుని మంచు మీద జంటగా చేసే నాట్యపోటీ) చూస్తూ అడిగింది: “మామయ్యా, కింద పడినా పతకం వస్తుందా?”

పాత పద్ధతిలో న్యాయనిర్ణేతలు 6.0కు మించకుండా రెండు మార్కులు వేసేవారు. సాంకేతికతకు ఒకటి, ప్రదర్శనకు మరొకటి. వాటితో జంటలకు వరుస కట్టేవారు. పడిపోతే ఎంత నష్టమో ప్రేక్షకుడికి తెలిసేది కాదు. పేరున్న జంటను ఆ వరుసలోంచి కదిలించడం కష్టం.

2002 సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఐస్ డ్యాన్స్‌కు తోబుట్టువు లాంటి మరో పోటీ, జంటల స్కేటింగ్ తీర్పుపై వివాదం రేగింది. ఆ తర్వాత పాయింట్ల పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఒకరు పడితే 1 పాయింటు, ఇద్దరూ పడితే 2 పోతాయి. పడినప్పుడు చేస్తున్న విన్యాసం నాణ్యతకు వేసే మార్కూ తగ్గుతుంది. అసలు దెబ్బ అక్కడే. 2006 టొరినోలో తొలి విభాగం తర్వాత ముందున్న ఇటలీ జంట ఫుజార్ పోలి, మార్గాల్యో రెండో విభాగంలో పడి, చివరకు 6వ స్థానంలో ఆగింది.

పాయింట్ల వేటలో నాట్యాలన్నీ ఒకే పోత పోసినట్టు ఉంటున్నాయన్న బాధ నాకూ ఉంది. అయినా నా ఓటు కొత్త పద్ధతికే. పడినవారికి ఏం పోయిందో కాగితం మీద కనిపిస్తుంది. మేనకోడలికీ అదే చెప్పాను: వస్తుంది, మిగతాదంతా అంత బాగా చేస్తే.