కాలువలో ప్లాస్టిక్‌కి ఏది మేలు: ఒంటరి బ్యాక్టీరియానా, గుంపా, పాత సామాన్ల బండా?

ఎండాకాలం కాలువలు కట్టేశాక భీమవరం వైపు ఒకసారి చూడండి, ఎండిన గుర్రపుడెక్కలో ఇరుక్కున్న నీళ్ల సీసాలు, క్యారీ బ్యాగులు, చిరిగిన మేత బస్తాలు. వీటన్నిటినీ బ్యాక్టీరియా తినేస్తుందట కదా అని అడిగేవాళ్లు పెరిగారు. బెల్లం, తవుడు వేసి ప్రోబయోటిక్ పులియబెట్టి చెరువులో పోసే రొయ్యల రైతుకి ఇదీ అలాంటిదే అనిపిస్తుంది. కానీ కాదు.

ముందు ప్లాస్టిక్ ఏదో చూడాలి. నీళ్ల సీసా పెట్ (PET) అనే రకం, దాని అణువుల గొలుసులో ఎస్టర్ బంధాలుంటాయి కాబట్టి బ్యాక్టీరియా వదిలే ఎంజైమ్ అక్కడ తెంపగలదు. మేత బస్తా పాలీప్రొపిలీన్, క్యారీ బ్యాగు పాలిథిలిన్. వాటి గొలుసంతా కార్బన్-కార్బన్ బంధాలే, ఎంజైమ్‌కి పట్టు దొరకడం మహా కష్టం.

2016లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఇడియొనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా పలచటి పెట్ పొరని 30 డిగ్రీల దగ్గర దాదాపు ఆరు వారాల్లో తినేసింది. కానీ సీసా ప్లాస్టిక్ ఆ పొర కంటే గట్టిగా స్ఫటికమై ఉంటుంది, అంత తేలిగ్గా లొంగదు. ఉత్త ఎంజైమే వాడితే స్పీడు బాగా పెరుగుతుంది: 2020లో ఫ్రాన్స్ వాళ్లు 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో పెట్‌ని 90 శాతం విడగొట్టారు, కాకపోతే అది ఫ్యాక్టరీ పని.

నాకు నచ్చింది గుంపు పద్ధతి. పెట్ విరిగితే టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ వస్తాయి. రెండూ ఒకే బ్యాక్టీరియా మీద పడేస్తే ఒకటి తింటూ రెండోదాన్ని నిర్లక్ష్యం చేస్తుంది, కూలీల్లా పని పంచితే ఆ గోల తగ్గుతుంది. 2023లో సూడోమోనాస్ పుటిడా అనే బ్యాక్టీరియాలో జన్యువులు మార్చిన రకాలు రెంటిని జతచేసి, ఒకదానికి ఆమ్లం, ఇంకోదానికి గ్లైకాల్ అప్పగించి, బయోప్లాస్టిక్‌తో పాటు మ్యూకోనిక్ ఆమ్లం కూడా తీశారు. దాన్ని మారిస్తే నైలాన్ ముడిసరుకు వస్తుంది, అంటే పారేసిన సీసా వలతాడు కావడం ఊహ కాదు! అయితే ఇదంతా ట్యాంకులో, విరగ్గొట్టిన పెట్ మీద జరిగింది. అలా జన్యువులు మార్చిన సూక్ష్మజీవుల్ని మంచినీళ్ల చెరువులు నింపే కాలువలో వదులుతానంటే ముందు నేనే అడ్డుపడతా.

కాబట్టి శుభ్రమైన సీసా పాత సామాన్ల బండికే మేలు, ఇవాళే డబ్బులొస్తాయి. ఆ బండివాడు వద్దనే రంగు సీసాలు, పెట్ దారంతోనే నేసే పాలిస్టర్ బట్టలే ఎంజైమ్-గుంపు జోడీకి సరైన సరుకు. మేత బస్తాల్ని మాత్రం బ్యాక్టీరియా కోసం దాచకండి, కట్టకట్టి కొనేవాళ్లకి ఇచ్చేయండి.