హెల్లిస్‌హెయ్‌ది జియోథర్మల్ ఎగ్జిబిషన్: ఐస్‌లాండ్ వెళ్తే తప్పక చూడండి
రాజధాని రెక్యవిక్ నుంచి కార్లో అరగంట, పవర్ ప్లాంట్‌లోనే ఉంది ఇది. 303 మెగావాట్ల కరెంటు అండి, బొగ్గు లేదు బూడిద లేదు, భూమిలోంచి వచ్చే ఆవిరితోనే టర్బైన్లు తిరుగుతుంటే, బొగ్గు ప్లాంట్ పక్క ఊళ్లో ఆరేసిన బట్టల మీద బూడిద దులుపుకుంటూ పెరిగిన నాకు కళ్లు చెమర్చాయి. వేడినీళ్లు కూడా పైపుల్లో సిటీకి పంపి ఇళ్లు వెచ్చబెడతారు. నాకు బాగా నచ్చింది మాత్రం కార్బ్‌ఫిక్స్, ఆవిరితో పాటు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లలో కలిపి బసాల్ట్ అనే లావా రాళ్లలోకి దింపితే రెండేళ్లలోపే చాలావరకు రాయైపోతుందట, ఆ తెల్లమచ్చల రాయి ఎంతసేపు చూశానో! కుళ్లిన గుడ్ల వాసన కొంచెం ఉంటుంది, అలవాటైపోతుంది. మన లడఖ్‌లోనూ వేడినీటి ఊటలున్న పుగా లోయ ఉంది, అక్కడా ఇలాంటి ప్లాంట్ త్వరగా రావాలి. గాలి బాగా కొడుతుంది, మంచి జాకెట్ వేసుకెళ్లండి.