వరంగల్‌లో సాంకేతిక సమావేశం: ఖరారైన సదస్సా, బార్‌క్యాంపా?

హనుమకొండలో ఒక రోజు సాంకేతిక సమావేశం జరపదలచినవారు మొదట తేల్చుకోవలసినది, వక్తలను ముందే పిలవాలా, లేక ఎవరు ఏం మాట్లాడాలో వచ్చినవారికే వదిలేయాలా అన్నది.

మొదటి పద్ధతి మనకు అలవాటైనదే. ముఖ్య అతిథి హైదరాబాదు నుంచి దాదాపు 145 కిలోమీటర్లు ప్రయాణించి రావాలి. ఆయన రాక ఆలస్యమైతే జ్యోతి ప్రజ్వలనే పదకొండు దాటుతుంది; శాలువాలు, జ్ఞాపికలు, పరిచయ వాక్యాలు ముగిసేసరికి ప్రశ్నలకు ఐదు నిమిషాలు మిగిలితే గొప్ప. అయితే కొత్తగా నేర్చుకునేవారికి పాఠం ఒక క్రమంలో అందేది ఇక్కడే, కళాశాలలు సులువుగా అనుమతించేదీ దీనికే.

బార్‌క్యాంప్ ఇందుకు విరుద్ధం. ఆహ్వానం ఉన్నవారికే ప్రవేశమిచ్చే ఫూ క్యాంప్ అనే సాంకేతిక సమావేశానికి జవాబుగా, ఎవరైనా రావచ్చునంటూ 2005 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు దీనిని మొదలుపెట్టారు. ప్రోగ్రామర్లు ఉదాహరణలలో వాడే ‘ఫూ’, ‘బార్’ అన్న జంట పేర్ల మీద ఆడిన చమత్కారమే ఈ పేరు. ఉదయం గోడ మీద గదులు ఒక వైపు, గంటలు మరో వైపు రాసిన ఖాళీ పట్టిక ఉంటుంది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలను రైతు ఫోన్‌కు పంపే ప్రోగ్రామ్ రాసిన కుర్రవాడు ఆ సంగతిని చీటీ మీద రాసి ఖాళీ గడిలో అంటిస్తే, అదే ఒక సెషన్. ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, మడికొండ ఐటీ సంస్థలు ఉన్న ఊరిలో చెప్పగలిగినవారికి కొరత లేదు.

చిక్కు మరొక చోట ఉంది. ఈ పద్ధతికి మూలమైన, చర్చాంశాలను వచ్చినవారే నిర్ణయించుకునే ‘ఓపెన్ స్పేస్’ అనే సమావేశ విధానాన్ని రూపొందించిన హారిసన్ ఓవెన్, నేర్చుకోవడానికీ నేర్పడానికీ ఏమీ లేనిచోట కూర్చోక మరో గదికి నడవమన్నారు. మన దగ్గర పెద్దలు మాట్లాడుతుండగా లేవడం అమర్యాద. పైగా నోరున్నవారి చీటీలే పట్టికను నింపుతాయి, రెండో సంవత్సరం విద్యార్థి మార్కర్ పట్టుకుని నిలబడిపోతాడు. కొత్తగా వచ్చినవారు తప్పక మాట్లాడాలన్న బార్‌క్యాంప్ నియమం (సరదాగా పెట్టినదే అయినా) అతనిని మరింత భయపెడుతుంది.

అందుచేత, హాజరయ్యేవారిలో సగానికి పైగా ఇప్పటికే ఏదో ఒకటి తయారు చేస్తున్నవారైతే బార్‌క్యాంపే మేలని నా అభిప్రాయం. అందరూ విద్యార్థులే అయితే మధ్యాహ్నం వరకు ఒకే అంశం మీద పాఠం ఏర్పాటు చేసి, భోజనం తరువాతే పట్టికను తెరవాలి. ప్రతి చీటీ మీద ఒక విద్యార్థి పేరు, ఒక ఉద్యోగి పేరు కలిపి రాయించాలి. మూడు గదులు చాలు, శాలువాలు అక్కరలేదు.