వెనక బరువున్న కారు: మారుతీ 800 తర్వాత టాటా నానో

కార్ల సమీక్షల్లో ఇంజిన్ శక్తికీ, మైలేజీకీ, సీట్ల సౌకర్యానికీ పేరాలకు పేరాలు దక్కుతాయి గానీ, బండి బరువులో ఎంత భాగం ముందు ఇరుసు మీద, ఎంత భాగం వెనక ఇరుసు మీద పడుతోందన్న సంగతికి ఒక్క వాక్యం దక్కడం కూడా అరుదు. నిజానికి మలుపులో, బ్రేకు మీద, ఈదురుగాలిలో కారు ఎలా ప్రవర్తిస్తుందో నిర్ణయించే వాటిలో ఆ పంపకానిదే పెద్ద పాత్ర. విశాఖపట్నంలో ఉంటూ చాలా ఏళ్లు మారుతీ 800 నడిపి, ఆ తర్వాత అంతకన్నా ఎక్కువ కాలంగా టాటా నానో నడుపుతున్న నాకు ఈ తేడాను పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. అందుకే ఈ సమీక్షలో ఏసీ గురించీ, ప్లాస్టిక్ నాణ్యత గురించీ రాయడం లేదు. కారు నడతకే పరిమితమవుతున్నాను.

ఈ రెండు కార్లను పోల్చడంలో ఒక సౌలభ్యం ఉంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన 800, 2009 మార్చిలో విడుదలైన నానో తరాల రీత్యా దూరమైనా కొలతల్లో దగ్గరివి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 800కు 2175 మిల్లీమీటర్లయితే నానోకు 2230. మొదటిది ఇంచుమించు 650 కిలోలు తూగుతుంది, రెండోది 600 కిలోలకు కాస్త పైన. ఇంజిన్ శక్తిలోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఇంజిన్ ఉన్న చోటులోనే ఉంది. 800లో మూడు సిలిండర్ల ఇంజిన్, గేరుపెట్టె రెండూ ముందు ఉండి ముందు చక్రాలనే తిప్పుతాయి. నానోలో రెండు సిలిండర్ల ఇంజిన్ వెనక సీటు వెనుక, సామాను పెట్టే అర కింద ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. బానెట్ ఎత్తి చూస్తే స్టెప్నీ, బ్రేకు నూనె డబ్బా, మరికొన్ని చిన్న సామాన్లు తప్ప బరువైనదేమీ కనిపించదు.

నా కారు ముందు చక్రాలను మాత్రమే ఒకసారి, మొత్తం కారును మరోసారి లారీల వేబ్రిడ్జి మీద తూయించాను. లారీల కోసం కట్టిన కాటా కనుక చిన్న తేడాలను అది పట్టుకోలేదు గానీ, సగానికి గణనీయంగా మించిన బరువు వెనక ఇరుసు మీదే ఉందని తేలడానికి అది చాలు. లెక్క సులువు కోసం, డ్రైవరుతో కలిపి 700 కిలోల నానోలో 280 కిలోలు ముందు, 420 కిలోలు వెనక ఉన్నాయనుకుందాం. 800లో ఈ పంపకం దాదాపు తలకిందులవుతుంది.

మలుపులో కారును లోపలికి లాగి ఉంచేది టైర్ల పట్టే. ఏ ఇరుసు మీద ఎంత బరువుంటే ఆ ఇరుసు టైర్లు అంత పక్కబలాన్ని భరించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి మిగతావన్నీ సమానంగా ఉంటే బరువెక్కువ ఉన్న కొస ముందుగా పట్టు వదులుతుంది. ముందు కొస వదిలితే, స్టీరింగ్ తిప్పినా కారు మలుపు బయటి అంచు వైపు సాగిపోతుంది, దాన్ని అండర్‌స్టీర్ అంటారు. వెనక కొస వదిలితే తోక బయటికి తిరిగి, ముక్కు లోపలికి దూసుకుపోతుంది, అది ఓవర్‌స్టీర్. మొదటిది వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండోది మామూలు డ్రైవరు చేతికి చిక్కదు. నానో రూపకర్తలు ఈ ప్రమాదాన్ని గుర్తించే ముందు చక్రాలకు 135 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, వెనక చక్రాలకు 155 మిల్లీమీటర్ల టైర్లు ఇచ్చారు. కారు ధర తగ్గించడానికి ఒక్కో చక్రానికి మూడు బోల్టులతో సరిపెట్టి, అద్దానికి ఒకే వైపర్ పెట్టిన వాళ్లు రెండు సైజుల టైర్లకు ఒప్పుకున్నారంటే, ఆ ఖర్చు ఎంత అవసరమో ఊహించుకోవచ్చు.

ఊళ్లో తిరిగేటప్పుడు వెనక బరువు పూర్తిగా మనకు అనుకూలమే. నాది పవర్ స్టీరింగ్ లేని నానో. అయినా జగదాంబ కూడలి దగ్గర సందుల్లో నిలబడిన చోటే చక్రం తిప్పాల్సి వచ్చినప్పుడు 800లో పడినంత శ్రమ ఇందులో పడలేదు. ముందు టైర్లు సన్నవి, వాటి మీద బరువూ తక్కువ. పైగా ముందు చక్రాలకు ఇంజిన్ శక్తిని చేరవేసే షాఫ్టులు అడ్డం లేవు కనుక అవి బాగా లోతుగా తిరుగుతాయి. తిరుగుడు వ్యాసార్థం నాలుగు మీటర్లే. ఆటో తిరిగే చోట నానో తిరుగుతుందని మా వీధిలో ఒక మాట ఉండేది, అందులో అతిశయోక్తి కొంచెమే.

హైవే మీద మాత్రం ఇదే గుణం ఎదురు తిరుగుతుంది. అనకాపల్లి దాటి తుని, అన్నవరం వైపు పదహారో నెంబరు జాతీయ రహదారిలో గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు పక్కనుంచి గాలి కొడితే, లేదా పెద్ద బస్సు దాటిపోతే, నానో ముక్కు స్పష్టంగా పక్కకు జరుగుతుంది. దీనికి కారణం కారు తేలికగా, ఎత్తుగా ఉండడం ఒక్కటే కాదు. పక్కగాలి తోపు ఏ బిందువు దగ్గర పనిచేస్తుందో దానికి కారు గురుత్వ కేంద్రం ఎంత వెనక్కి ఉంటే, ఆ గాలి ముక్కును అంత సులువుగా తిప్పుతుంది. ఈటెకు మొన వైపు బరువుంటేనే అది తిన్నగా పోయినట్టు, ముందు బరువున్న 800 అదే రోడ్డు మీద అదే గాలిలో గీత తప్పకుండా పోయేది. నానోలో స్టీరింగ్‌ను బిగించి పట్టుకుని ప్రతి కదలికకూ ఎదురు తిప్పడం వల్ల ఊగిసలాట పెరుగుతుందే తప్ప తగ్గదు. చక్రాన్ని వదులుగా పట్టుకుని, చిన్న దిద్దుబాట్లతో సరిపెడితే కారు తనంతట తానే సర్దుకుంటుంది. అయినా మూడు గంటలు అలా నడిపాక కలిగే అలసట 800లో కలిగేది కాదు. పొడవు ప్రయాణాలే ఎక్కువగా చేసేవారికి ఈ ఒక్క కారణంతోనే నేను ఈ కారును సిఫారసు చేయను.

బరువు పంపకాన్ని అసలు పరీక్షించేది ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట దాటాక తైడ మీదుగా అనంతగిరికి ఎక్కే దారిలో వెళ్తూనే ఉంటాను. వానాకాలంలో ఆ రోడ్డు మీద ఆకులు, బురద, కొండ మీంచి జారిన నీళ్లు తప్పవు. నలుగురితో నిండిన 800ను ఆ తడి ఎక్కుడులో రెండో గేరు నుంచి మొదటి గేరుకు తెచ్చి లాగిస్తే, మలుపు లోపలి వైపు ముందు చక్రం పట్టు దొరక్క గిర్రున తిరిగేది. ఎక్కుడులో బరువు వెనక్కి జరుగుతుంది, వెనక కూర్చున్నవాళ్ల బరువూ వెనకే పడుతుంది, కారును లాగాల్సిన ముందు చక్రాలేమో తేలికవుతాయి. నానోలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. బరువు ఎంత వెనక్కి జరిగితే తోసే చక్రాలకు అంత పట్టు దొరుకుతుంది. ఇంజిన్ చిన్నదే అయినా, ఉన్న శక్తి వృథా కాకుండా రోడ్డు మీదికి చేరుతుంది. తడి మట్టి దారిలో, ఇసుక అంచులో ఈ బుల్లి కారు నన్ను ఇరుక్కుపోనివ్వలేదు.

అయితే ఎక్కుడు మలుపులోనే దాని బలహీనతా బయటపడుతుంది. నిండా జనంతో, యాక్సిలరేటర్ నొక్కి ఉంచి హెయిర్‌పిన్ మలుపులోకి దిగితే ముందు చక్రాలు రోడ్డును గట్టిగా కరవవు, కారు అనుకున్న దానికన్నా వెడల్పుగా పోతుంది. ఎదురుగా బస్సు వచ్చే దారిలో అది ఆషామాషీ వ్యవహారం కాదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, ముక్కు లోపలికి తిరిగిన తర్వాతనే యాక్సిలరేటర్ ఇవ్వడం ఈ కారుకు సరిపడే పద్ధతి.

దిగుడులో కథ మారుతుంది. వాలు వల్ల కొంత బరువు అప్పటికే ముందుకు జరిగి ఉంటుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే ఇంకొంత ముందుకు జరుగుతుంది, పైగా ఇంజిన్ నిరోధం వెనక చక్రాల మీదే పడుతుంది. అప్పుడు ముక్కు చటాక్కున లోపలికి తిరగడం, వెనక భాగం తేలికపడినట్టు నడుముకు తెలియడం జరుగుతాయి. మామూలు వేగాల్లో ఇది ప్రమాదం దాకా పోదు, వెడల్పు వెనక టైర్లు పట్టి నిలబెడతాయి. కానీ తడి రోడ్డు మీద ఈ సూచనను తేలిగ్గా తీసుకోరాదు. సరైన గేరును మలుపుకు ముందే ఎంచుకుని, లోపల కాలిని నిలకడగా ఉంచితే నానో అనంతగిరి నుంచి దిగుతున్నప్పుడు ఆశ్చర్యపరిచేంత బుద్ధిగా ఉంటుంది. ముందు బరువు లేదు కనుక స్టీరింగ్ మాటను వెంటనే వింటుంది. ఆ దిగుడులో 800 కన్నా ఇదే నాకు నచ్చుతుంది.

బ్రేకుల విషయంలో చాలామంది ఊహించని లాభం ఒకటుంది. గురుత్వ కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుని, గురుత్వ త్వరణంలో 0.6 వంతు తీవ్రతతో బ్రేకు వేస్తే, ముందుకు జరిగే బరువు 700 కిలోలను 0.6తో, 0.55తో గుణించి 2.23 మీటర్లతో భాగిస్తే వచ్చేంత, అంటే సుమారు 100 కిలోలు. నానోలో 280, 420గా ఉన్న బరువు ఆ క్షణంలో 380, 320 అవుతుంది. నాలుగు చక్రాలూ ఇంచుమించు సమానంగా పనిచేస్తాయి. ముందు 420 కిలోలున్న కారులో అదే బ్రేకుకు 520, 180 అవుతుంది కనుక వెనక చక్రాలు పేరుకే ఉంటాయి. అయితే నానోలో ఈ సమతూకం రావడానికి బరువు ముందుకు జరిగేంత వ్యవధి కావాలి. ఒక్కసారిగా పెడల్ తొక్కేస్తే, ఇంకా బరువు చేరని సన్నటి ముందు చక్రాలు తడి రోడ్డు మీద బిగుసుకుపోయి స్టీరింగ్ పనిచేయకుండా పోతుంది. చక్రాలు అలా బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఇందులో లేదు. మొదట మెల్లగా మొదలుపెట్టి, ఆపైన గట్టిగా తొక్కడం ఈ కారుకు అవసరమైన అలవాటు.

నానోలో బరువు పంపకం ఫ్యాక్టరీలో నిర్ణయమైపోయిన అంకె కాదు, ప్రతి ప్రయాణానికీ మనం నిర్ణయించేది. 1500 కిలోల కారులో ఇద్దరు ఎక్కినా దిగినా పెద్ద తేడా రాదు. ఇంత తేలికైన కారులో నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే మొత్తం బరువులో దాదాపు 30 శాతం మనుషులదే. వెనక సీటు వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉంటుంది కాబట్టి అక్కడ కూర్చునే ఇద్దరి బరువులో అధిక భాగం వెనకకే చేరుతుంది. ఇద్దరూ కలిసి 130 కిలోలనుకుంటే వెనక వాటా 60 శాతం నుంచి 63కు పెరుగుతుంది. ఆపైన ఇంజిన్ మీది అరలో 40 కిలోల సామాను పెడితే అది 65 దగ్గరికి చేరుతుంది. అంకెల్లో స్వల్పంగా కనిపించే ఈ తేడా స్టీరింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే పాతిక కిలోల బియ్యం బస్తాను నేను ఎప్పుడూ వెనక పెట్టను. ముందు సీటు ఖాళీగా ఉంటే దాని కాళ్ల చోటులో పెడతాను, దాని బరువులో చాలా భాగం ముందు చక్రాలకు చేరుతుంది. వెనక అర ఎలాగూ ఇంజిన్ వేడికి వెచ్చబడి ఉంటుంది, కూరగాయలకు అది చోటు కాదు. పెట్రోలు ఎంత ఉందన్నది మాత్రం పట్టించుకోనక్కర్లేదు. తొలి నానో ట్యాంకు 15 లీటర్లే, నిండినా 11 కిలోలు.

టైర్లలో గాలి గురించి గట్టిగా చెప్పాలి. వెనక బరువున్న కారుకు వెనక టైర్లలో ఎక్కువ గాలి, ముందు టైర్లలో తక్కువ గాలి ఉండాలి. పట్టు సమతూకాన్ని నిలిపే సాధనాల్లో అదొకటి. అమెరికాలో 1960లో వచ్చిన షెవర్లే కోర్వేర్ కూడా వెనక ఇంజిన్ కారే. దానికి ముందు 15, వెనక 26 పీఎస్ఐ గాలి ఉంచాలని తయారీదారు సూచించారు. చాలామంది మామూలు అలవాటుకొద్దీ అన్ని టైర్లకూ ఒకే గాలి కొట్టించుకోవడం ఆ కారు ఓవర్‌స్టీర్ సమస్యకు తోడైంది. దాని వెనక సస్పెన్షన్ నిర్మాణంలోని లోపం సంగతి వేరు, నానోకు ఆ లోపం లేదు. కానీ మన గాలి మిషను దగ్గర జరిగేదీ అదే. ఎంత కొట్టమంటారని అడగకుండానే నాలుగింటికీ ఒకటే అంకె పెట్టేస్తారు. ఒకసారి అలా కొట్టించుకుని వచ్చిన రోజునే దిగుడులో తోక వదులైనట్టు అనిపించి, మాన్యువల్‌లోని అంకెలకు మార్చుకోగానే అది పోయింది. అప్పటినుంచి కారులో ఒక గేజి ఉంచుకుంటున్నాను. సైజులు వేరు కనుక ముందు టైర్లను వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకునే వీలూ లేదు, ఎడమ కుడి మార్పిడి మాత్రమే సాధ్యం.

2018లో నానో తయారీ ఆగిపోయింది. కొనదలిస్తే ఇప్పుడు సెకండ్‌హ్యాండులోనే దొరుకుతుంది. ఊళ్లో తిరగడానికీ, అప్పుడప్పుడు ఇద్దరు ముగ్గురితో కొండ ఎక్కడానికీ దీన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. చూసేటప్పుడు ఇంజిన్ శబ్దం వినడానికి ముందే నాలుగు టైర్ల పక్కన ముద్రించిన అంకెలు చదవండి. ముందు 135/70, వెనక 155/65 ఉండాలి. చూపు కోసం ముందు కూడా వెడల్పు టైర్లు వేయించిన బండ్లు కొన్ని కనిపిస్తాయి. అలా చేస్తే ముందు కొసకు పట్టు పెరిగి, ముందుగా వదిలే కొస వెనకది అవుతుంది. అటువంటి బండి నచ్చితే, రెండు సరైన టైర్ల ధరను బేరంలో తగ్గించుకుని, ఇంటికి తెచ్చేలోపే వాటిని మార్పించండి.