కొబ్బరిచెట్ల కింద లామినేటెడ్ గ్లాస్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మాది అంబాజీపేట దగ్గర పల్లె, పాత మండువా లోగిలి. పెథాయ్ తుఫాను వచ్చిన ముందు సంవత్సరం ఇల్లు బాగుచేయించాం. అప్పుడే మండువా పైకప్పుకి, మేడ మీద వరండా రైలింగుకి, పడమటి కిటికీలకి లామినేటెడ్ గ్లాస్ పెట్టించాం. అన్నిచోట్లా ఒకేలా నిలబడలేదు. పైకప్పుకి వందకి వంద మార్కులు వేస్తాను. రైలింగు కూడా బాగుంది. కిటికీల్లో ఒకదానితో మాత్రం బాగా విసిగిపోయాం. అందులో అద్దం తప్పు తక్కువ, బిగించినవాళ్ల తప్పు ఎక్కువ.

చాలామంది దీన్నీ టఫెండ్ గ్లాసునీ ఒకటే అనుకుంటారు. షాపుల్లో రెండింటినీ "సేఫ్టీ గ్లాసండీ" అనే అమ్ముతారు. కారు చూస్తే తేడా తెలుస్తుంది. ముందు అద్దం లామినేటెడ్. రాయి తగిలితే చీలికలు వస్తాయి గానీ ఊడి ఒళ్లో పడదు. పక్క తలుపుల అద్దాలు సాధారణంగా టఫెండ్. అవి పగిలితే మొత్తం చిన్న ముక్కలై రాలిపోతాయి. టఫెండ్ అంటే ఒకే అద్దాన్ని బాగా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచినది. లామినేటెడ్‌లో రెండు పలకలు ఉంటాయి, మధ్యలో పివిబి అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ పాత్రలో దాదాపు 140 డిగ్రీల వేడిలో, గట్టి ఒత్తిడి మీద ఈ మూడింటినీ ఏకం చేస్తారు. మందం కూడా ఆ లెక్కనే చెబుతారు. మా పైకప్పు పలక 13.52 ఎం.ఎం., అంటే ఆరు ఎం.ఎం. అద్దాలు రెండు, మధ్య పొర 1.52 ఎం.ఎం.

మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. దింపు తీసేవాళ్లు ఎంత జాగ్రత్తగా దింపినా, గాలి వీస్తే కాయ ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే మండువాకి అద్దం అనగానే మా అత్తగారు వద్దంటే వద్దన్నారు. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఎలా తుడిచిపెట్టిందో కళ్లారా చూసిన మనిషి. పెంకులే ఎగిరిపోయినచోట అద్దమా అని ఆవిడ భయం. మా పెద్ద మరిది సివిల్ ఇంజినీరు. ఆయన దగ్గరుండి కొలతలు, వాలు, మందం అన్నీ నిర్ణయించాకే ఒప్పుకున్నారు.

పెథాయ్ 2018 డిసెంబరు 17న కాట్రేనికోన వైపు తీరం దాటింది. ఆ మధ్యాహ్నం పీచుతో సహా పెద్ద కొబ్బరికాయ ఒకటి సూటిగా మండువా మీద పడింది. ఇల్లంతా అదిరింది. పరుగెత్తుకెళ్లి చూస్తే పైపలక చీలికలు చీలికలుగా పగిలి ఉంది, కింది పలకకి గీత కూడా పడలేదు. ఒక్క ముక్క రాలలేదు. రాత్రంతా కుండపోత వాన కురిసినా చుక్క కారలేదు.

"పగిలిన అద్దం కింద ఉయ్యాలబల్ల మీద కూచోమంటావా ఏవిటే?" అని మర్నాడు అత్తగారు అడిగారు.

"వద్దత్తయ్యా, అది మార్చేదాకా ఆ కింద ఎవరం తిరగొద్దు" అని ఉయ్యాల తీయించి, చుట్టూ తాడు కట్టాం. పగిలిన పలక నిలబడుతుంది నిజమే, కానీ అది సమయం ఇవ్వడానికే. రెండో కాయ కూడా అక్కడే పడితే ఏమవుతుందో పందెం వేయక్కర్లేదు.

తల పైన పెట్టే అద్దం గురించి ఒక్క విషయం మా మరిది చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. లామినేటెడ్ అంటే సరిపోదట, అందులో వాడిన పలకలు ఏ రకమో అడగాలట. రెండూ పూర్తి టఫెండ్ పలకలైతే, ఖర్మ కాలి రెండూ పగిలితే, చిన్నచిన్న ముక్కలు పొరకి అంటుకుని ఉన్నా పలకలో బిగువు పోతుంది. తడిసిన గోనెపట్టాలా వంగి ఫ్రేములోంచి జారిపోయే ప్రమాదం ఉంది. హీట్ స్ట్రెంగ్తెన్డ్ అనే రకం టఫెండంత గట్టిది కాదు గానీ, పగిలితే పెద్ద ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని పలకని నిలబెడతాయి. మేం పైకప్పుకి అదే పెట్టించాం. వరండా రైలింగుకి మాత్రం టఫెండ్ పలకలతో చేసిన లామినేటెడ్ వాడాం, ఎందుకంటే అక్కడ మనుషులు ఒరిగి నిలబడతారు, గట్టితనం ముఖ్యం. పైన స్టీలు చేపట్టు ఉండబట్టి అద్దం పగిలినా పట్టుకోడానికి ఆసరా ఉంటుంది.

రైలింగుకి ఉత్త టఫెండ్ చాలు, సగం ఖర్చు తగ్గుతుంది అని ఫ్యాబ్రికేటర్ చాలాసార్లు చెప్పి చూశాడు. నిజమే, అదే మందం టఫెండుకి దాదాపు రెట్టింపు పడింది మాకు. అయినా నేను ఒప్పుకోలేదు. మా పక్క ఊళ్లో ఒక ఫంక్షన్ హాల్లో మేడ మీది టఫెండ్ అద్దం ఎవరూ ముట్టుకోకుండానే పట్టపగలు ఫట్టుమని పేలి కిందకి రాలింది. అది దెయ్యం పని కాదు. అద్దం తయారయ్యేటప్పుడు లోపల కంటికి కనపడని నికెల్ సల్ఫైడ్ కణం ఇరుక్కుంటే, ఏళ్ల తర్వాత అది ఉబ్బి టఫెండ్ అద్దాన్ని లోపల్నుంచి పగలగొడుతుంది. ఫ్యాక్టరీలో హీట్ సోక్ పరీక్ష (అద్దాన్ని గంటల తరబడి వేడిలో ఉంచి చూడడం) చేయిస్తే అలాంటి అద్దాలు చాలావరకు అక్కడే పగిలిపోతాయి, అయినా పూర్తి భరోసా లేదు. లామినేటెడ్ అయితే ఒక పలక అలా పేలినా ముక్కలు పొరకే అంటుకుని ఉండిపోతాయి. పిల్లలు ఆడుకునే ముంగిలి పైన ఇంక డబ్బు లెక్కేంటి?

తుఫానుల్లో కిటికీ అద్దం ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడివాళ్లు తెలుసుకోవాలి. అద్దం పగిలితే పోయేది అద్దం ఒక్కటే కాదు. గాలి లోపలికి దూరి పైకప్పుని కింద నుంచి ఎత్తుతుంది, పైనుంచి వెళ్లే గాలి అప్పటికే దాన్ని లాగుతూ ఉంటుంది. అమెరికాలో 1992లో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాని దెబ్బకొట్టాక అక్కడ కిటికీలకి కఠినమైన పరీక్షలు పెట్టారు. దాదాపు నాలుగు కిలోల కర్రదుంగని సెకనుకి పదిహేను మీటర్ల వేగంతో అద్దం మీదకి వదులుతారు. ఆ తర్వాత గాలి ఒత్తిడి వేలసార్లు మార్చిమార్చి పెడతారు. పగిలినా పర్లేదు, చిల్లుపడి తెరుచుకోకూడదు. మన దగ్గర మామూలుగా దొరికే ప్రతి లామినేటెడ్ పలకా ఆ పరీక్షకి నిలుస్తుందని కాదు. పొర మందం, ఫ్రేము, బిగింపు అన్నీ సరిపోవాలి. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుఫాను గాలికి మా పడమటి కిటికీలకి కొబ్బరిమట్టలు వచ్చి కొట్టుకున్నాయి. ఏ అద్దమూ కదల్లేదు.

ఇక నన్ను విసిగించిన కిటికీ. రెండో వానాకాలానికే అద్దం కింది అంచు నుంచి పాలలా తెల్లటి మచ్చ మొదలైంది. తర్వాత బుడగలు. పొర అద్దం నుంచి విడిపోతోందన్నమాట. డెల్టాలో దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఇక్కడ గాలిలోనే తేమ ఉంది. కాలువ పక్క ఇళ్లయితే చెప్పక్కర్లేదు. పివిబికి తేమంటే పడదు. అద్దం ముఖం మీద ఎంత వాన పడ్డా ఏమీ కాదు, అంచు నీళ్లలో నానితే చెడుతుంది. విప్పి చూస్తే మూడు తప్పులు బయటపడ్డాయి. ఫ్రేము కింద నీళ్లు పోవడానికి ఉండాల్సిన కన్నాల్ని సిలికాన్‌తో మూసేశారు. ఆ సిలికాన్ కూడా వెనిగర్ వాసన వచ్చే చవక రకం. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం పొరకి చేటు చేస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తెచ్చుకోవాలి, ట్యూబు మీద రాసి ఉంటుంది. మూడోది, అద్దాన్ని ఫ్రేము అడుగున నేరుగా ఆనించేశారు, అది చిన్న రబ్బరు దిమ్మల మీద కూచోవాలి. ఈ మూడూ సరిచేసి కొత్త అద్దం బిగించాక ఆ కిటికీ ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది. సముద్రానికి మరీ దగ్గరగా, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉన్నవాళ్లు, అంచులు బయటికి కనపడే రైలింగు పెట్టుకునేటట్టయితే పివిబికి బదులు ఎస్జీపీ అనే మరో రకం ప్లాస్టిక్ పొర గురించి అడగండి. ఖరీదెక్కువ, కానీ గట్టిది, అంచుల దగ్గర తేమని బాగా తట్టుకుంటుంది.

పసుపు తిరుగుతుందా అని చుట్టాలందరూ అడుగుతారు. మాది తిరగలేదు. ఆ భయానికి మూలం లేకపోలేదు. 1903లో ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చేతిలోంచి జారిన గాజు కుప్పె పగిలినా విడిపోలేదట, లోపల సెల్యులోజ్ నైట్రేట్ అనే రసాయనం ఎండి పొర కట్టి ఉండడం వల్ల. అక్కడ్నుంచి పుట్టిన తొలి రకాల్లో సెల్యులాయిడ్ పొర ఉండేది, అది ఎండకి పసుపెక్కేది. 1930ల్లో పివిబి వచ్చాక ఆ బాధ తీరింది. అతినీలలోహిత కిరణాల్ని పివిబి దాదాపు మొత్తం ఆపేస్తుంది. మండువాలో టేకు స్తంభాలు, ఉయ్యాలబల్ల రంగు వెలవకపోవడానికి అదే కారణం. మా వీధిలో మండువాకి పాలికార్బొనేట్ షీటు వేసినవాళ్లది ఇప్పటికే పచ్చబడి గరుకెక్కింది, వానొస్తే ఆ మోతకి పక్కవాళ్ల మాట వినపడదు. మా దాంట్లో వాన చప్పుడు మెత్తగానే ఉంటుంది.

ఎండ వేడి మాత్రం ఆగదు. ఇది గట్టిగా చెప్పాలి. రంగు లేని మామూలు లామినేటెడ్ అద్దం వెలుగుతోపాటు వేడినీ లోపలికి పంపుతుంది. రోహిణి కార్తెలో మండువా భరించలేం. పైకప్పు కింద నాలుగు వైపులా గాలి పోయేలా జాలీలు వదలబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లు ఉడికిపోయేది. మళ్లీ కట్టించుకుంటే పాలరంగు పొర వేసిన అద్దం గానీ, వేడి తగ్గించే కోటింగు ఉన్నది గానీ పెట్టిస్తాను.

ఇంకొకటి. ఇది దొంగకి ఎంత ఇబ్బందో, అగ్నిప్రమాదంలో మనకీ అంత ఇబ్బంది. కుర్చీ ఎత్తి కొట్టినంత మాత్రాన దారి ఇవ్వదు. ప్రతి పడకగదిలోనూ లోపల్నుంచి పూర్తిగా తెరుచుకునే కిటికీ ఒకటి, తెరిచే గ్రిల్లుతో, ఉండి తీరాలి.

కొనేటప్పుడు అంచు చూడండి. పాలిష్ చేయని అంచులో రెండు అద్దాల మధ్య పొర గీతలా కనపడుతుంది. మామూలు అద్దానికి పైన ఫిల్మ్ అతికించి లామినేటెడ్ అని అంటగట్టేవాళ్లున్నారు. అద్దం మూలన ఐఎస్ఐ గుర్తు, సేఫ్టీ గ్లాసుకి ఉన్న ప్రమాణం ఐఎస్ 2553 మొదటి భాగం నంబరు ఉందో లేదో చూసి, బిల్లు మీద పలకల రకం, పొర పేరు, మందం రాయించుకోండి.

చివరిగా, పైకప్పు పలక పగిలితే మన ఊళ్లో కోసి ఇచ్చేవాళ్లు ఉండరు. హీట్ స్ట్రెంగ్తెన్డ్, టఫెండ్ పలకల్ని తయారయ్యాక కోయడం కుదరదు, కొలత పంపి ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకోవాల్సిందే. మాకు నెల దాటింది. అందుకని పలకలన్నీ ఒకే కొలతలో ఉండేలా చూసుకుని, ఒకటి ఎక్కువ చేయించుకోండి. దాన్ని పడుకోబెట్టకుండా, అడుగున రెండు చెక్కలు పెట్టి, తడి తగలని చోట గోడకి కాస్త వాల్చి నిలబెట్టండి. మాది మేడమెట్ల కింద గదిలో ఉంది.