క్యాన్ నీళ్లు కొనేముందు: తిరుపతి, చిత్తూరు ప్లాంట్ల మీద ఒక సమీక్ష

తిరుపతిలో ఏ వీధి మలుపు తిరిగినా 20 లీటర్ల క్యాన్లు వరసగా పేర్చి కనిపిస్తాయి. పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో బిళ్ల వేస్తే బిందె నిండే మిషన్లు పెట్టారు. బోర్డు మీద అందరూ రాసేది మాత్రం ‘మినరల్ వాటర్’ అనే. ఎక్కువ చోట్ల లోపల జరిగే పని ఒక్కటే: బోరు నీళ్లను ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్) అనే వడపోత పొరలోంచి పంపి లవణాలు తీసేయడం. ఈ సేవకు ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో ముందు తేల్చుకోవాలి.

చిత్తూరు జిల్లా పడమటి మండలాలది గట్టి రాతి నేల. వానలు తప్పేకొద్దీ బోర్లు లోతుకు పోతాయి. రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచిన నీటిలోకి, మోతాదు మించితే పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు తాగొచ్చు. దానికి మించిన బోరైతే క్యాన్ కొనాల్సిందే. కాచి చల్లారిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

తిరుపతి టౌన్‌లో సంగతి వేరు. కార్పొరేషన్ కుళాయికి వచ్చేవి ప్రధానంగా కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు. ఉపరితల జలాల్లో ఫ్లోరైడ్ బెడద సాధారణంగా తక్కువ. అక్కడ భయపడాల్సింది పైపు గురించి. నీళ్లు వదలని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు, పక్కనున్న మురుగు పగుళ్లలోంచి లోపలికి లాగబడుతుంది. పల్లపు వీధులకు, కాలువ పక్క ఇళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మొదట వచ్చే రెండు మూడు బిందెలు వాడుకకు పట్టుకుని, తాగే నీళ్లు ఆ తర్వాత పట్టి కాచుకుంటే చాలు. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. ఆ వాసన నచ్చక క్యాన్‌కు మారేవాళ్లు రక్షణ ఉన్న నీళ్లు వదిలి, లేని నీళ్లు కొంటున్నారు.

ఎందుకంటే ఆర్‌ఓ నీటిలో క్లోరిన్ మిగలదు. ప్లాంటులో వరస ఇలా ఉంటుంది: ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్, హై ప్రెజర్ పంపు, మెంబ్రేన్ (అదే లవణాలు ఆపే పొర), క్రిములను చంపే యూవీ లైటు. కార్బన్ దగ్గరే క్లోరిన్ పోతుంది. యూవీ ఆ క్షణం దాటిపోతున్న నీటినే శుభ్రం చేస్తుంది. క్యాన్‌లో అడుగున పాకుడు ఉంటే ఆ నీళ్లు మళ్లీ పాడవుతాయి. అందుకే ప్లాంటుకు వెళ్తే మెరిసే స్టీలు ట్యాంకు కన్నా క్యాన్లు కడిగే చోటు చూడండి. ఒక మగ్గు నీళ్లు పోసి గిలకొట్టి పారబోస్తున్నారంటే ఆ ప్లాంటు వద్దు. బ్రష్షు, క్లోరిన్ ద్రావణం, తర్వాత శుద్ధి నీళ్లతో రెండుసార్లు తొలపడం ఉండాలి. ఇంట్లో సొంత క్యాన్ అయితే, 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపి, అంతటా తగిలేలా తిప్పి పది నిమిషాలు ఉంచి బాగా తొలపండి. డిస్పెన్సర్ కుళాయిని కూడా విప్పి కడగాలి. ఎండ తగిలే చోట క్యాన్ పెట్టకూడదు.

రెండో లోపం రుచి కోసం చేసే కలుపుడు. ఆర్‌ఓ నీళ్లు చప్పగా ఉంటాయని కొందరు పచ్చి బోరు నీళ్లు కలుపుతారు. బోరులో లీటరుకు ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు, టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాలు) 1200 మిల్లీగ్రాములు. మెంబ్రేన్ దాటాక 0.2, 40 అనుకుందాం. ముప్పై శాతం బోరు నీళ్లు కలిపితే టీడీఎస్ 388 అవుతుంది. మీటరు చూసినవాడు 500 లోపే ఉందిగా అని తృప్తి పడతాడు. ఫ్లోరైడ్ మాత్రం 1.04కు చేరి మంచి హద్దు దాటింది. సగానికి సగం కలిపితే 1.6. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలనే చెబుతుంది, ఫ్లోరైడ్‌ను గానీ క్రిములను గానీ విడిగా చూపించదు. ప్లాంటువాళ్లను ‘బోరు నీళ్లు ఎంత కలుపుతున్నారు, మెంబ్రేన్ ఎప్పుడు మార్చారు?’ అని నేరుగా అడగండి. జవాబు దాటవేస్తే ఇంకో ప్లాంటు చూసుకోండి.

ఇక ఈ సేవలోని అతి పెద్ద లోటు ధర దగ్గర ఉంది. నలుగురున్న ఇంట్లో తాగడానికి 12 లీటర్లు, వంటకు 4 లీటర్లు పడతాయనుకుందాం. రోజుకో క్యాన్ కావాలి. క్యాన్ 20 రూపాయలనుకుంటే నెలకు 600. కూలి ఇంట్లో రెండు రోజులకో క్యాన్‌తో సర్దుకుంటారు. అది తాగడానికే పోతుంది, సంగటి, పప్పు బోరు నీళ్లతోనే ఉడుకుతాయి. పై లెక్కలోని బోరైతే ఆ నాలుగు లీటర్లలో లీటరుకు 3 చొప్పున 12 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, అంటే తలకు 3. హద్దు అంచున 1.5 ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేదీ అంతే. క్యాన్ కొని కూడా ఫ్లోరైడ్ తింటున్నట్టే.

పైగా దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. ఎండలో వేరుశనగ చేలో పనిచేసేవాళ్లు ఐదు లీటర్లు తాగితే, ఫ్యాను కింద కూర్చునేవారు రెండు లీటర్లతో గడుపుతారు. ఒకే బోరు, రెండున్నర రెట్ల మోతాదు. పాలు, పప్పు సరిపడా అందని పిల్లల ఎముకలు ముందు వంగుతాయి, కాల్షియం లోపం ఫ్లోరైడ్ కీడును పెంచుతుంది. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి 1937లో తొలిసారి రాసింది పక్కనున్న అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. రాగిలో కాల్షియం దండిగా ఉంటుంది. ఆ సంగటినే మంచి నీళ్లతో వండుకోగలిగితే ఎంత మేలు!

2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల అనే ప్రభుత్వ పథకంలో 20 లీటర్ల శుద్ధి నీళ్లు రెండు రూపాయలకే ఇచ్చేవారు. ఆ ధరకైతే నెలకు 60 రూపాయలతో ఇంటి నీళ్ల ఖర్చు తీరుతుంది. అయితే మెంబ్రేన్ మార్చే డబ్బు విడిగా దాచకపోతే చౌక ప్లాంటు ఏదీ నిలవదు. పంచాయతీలు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఒక్క క్యానే కొనగలిగితే ముందు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వండి. మిగిలింది సంగటికి, పప్పుకు. స్నానానికి, అంట్లకు బోరు నీళ్లు వాడితే ప్రమాదం లేదు. బోరు పరీక్షకు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌ను అడగండి. ఫ్లోరైడ్ కోసం లీటరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తీసుకెళ్లాలి. క్రిముల పరీక్షకు మాత్రం వాళ్లిచ్చే స్టెరైల్ సీసాలోనే పట్టాలి, మూత లోపల వేలు తగలకూడదు.