నానో జెల్, ఎర్ర లేజర్: చిగుళ్ల పాకెట్‌లో ఈ జత ఎంతవరకు పనికొస్తుంది

చిగుళ్ల వ్యాధిలో పంటికీ చిగురుకూ మధ్య లోతైన సందు (పాకెట్) ఏర్పడుతుంది. అందులోని సూక్ష్మజీవుల్ని రంగు, కాంతి కలిపి చంపే ఫొటోడైనమిక్ కిట్‌లో సరంజామా తక్కువే. 660 నానోమీటర్ల డయోడ్ లేజర్, సన్నని ఫైబర్ టిప్, మొద్దు సూది సిరంజిలో 0.01 శాతం మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు (మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు). లేజర్‌కు వంక పెట్టలేం. మిథిలీన్ బ్లూ కాంతిని బాగా పీల్చుకునేది 664 నానోమీటర్ల దగ్గరే. ఇబ్బందంతా రంగుతోనే.

రంగు మీద కాంతి పడ్డప్పుడు పుట్టి సూక్ష్మజీవుల్ని చంపే సింగ్లెట్ ఆక్సిజన్ (చురుకైన ఆక్సిజన్ రూపం) నీళ్లలో మూడు నాలుగు మైక్రోసెకన్లే నిలుస్తుంది, కొన్ని వందల నానోమీటర్లు కూడా దాటదు. రంగు చేరని చోట ఎంత కాంతి పోసినా వృథా. పాచి జిగురుకు ఎక్కువగా నెగెటివ్ చార్జి, మిథిలీన్ బ్లూకు పాజిటివ్. అందుకే రంగు పైపొరకే అతుక్కుపోతుంది. పోనీ మోతాదు పెంచుదామా అంటే, చిక్కబడ్డ అణువులు జంటలు కట్టి లేజర్ కాంతిని వదిలి 610 నానోమీటర్ల వైపు పీల్చుకుంటాయి. పైగా పైనున్న నీలమే కాంతిని మింగేస్తుంది.

ఇక్కడే నానో రేణువులు అక్కరకొస్తాయి. అప్పట్లో బోస్టన్‌లో ఉన్న ఫోర్సైత్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మిథిలీన్ బ్లూను పీఎల్‌జీఏ అనే, మెల్లగా విచ్ఛిన్నమయ్యే పాలిమర్ రేణువుల్లో నింపి, రూట్ కెనాల్‌లో మొండికేసే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ బ్యాక్టీరియా మీద ప్రయోగించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత పాచి మీద చేసిన పరీక్షల్లో పాజిటివ్ చార్జి ఉన్న రేణువులే మెరుగనిపించాయి. అందుకే లేబుల్ మీద "నానో" అన్న మాట చూసి కొనకండి. రేణువు సైజు, జీటా పొటెన్షియల్ (రేణువు ఉపరితల చార్జిని తెలిపే కొలత), రంగు బయటికి రావడానికి పట్టే సమయం రాసి ఉండాలి. రేణువులో కుక్కి ఉన్న రంగు తనను తానే అణచుకుంటుంది, బయటపడ్డాకే దాని సత్తా తెలుస్తుంది.

వాడే తీరు కూడా అంతే ముఖ్యం. ముందు స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (పంటి మీదా వేరు మీదా పాచి, గార గీకి నునుపు చేయడం) చేసి రక్తం ఆగేదాకా ఉండాలి, ఎందుకంటే రక్తంలోని ప్రోటీన్లు రేణువుల చుట్టూ పూతలా పట్టేస్తాయి. బ్లీచింగ్ గుణమున్న హైపోక్లోరైట్ ద్రవం వాడి ఉంటే పూర్తిగా కడిగేయాలి, లేకపోతే నీలం రంగు వెలిసిపోతుంది. సెలైన్‌లోని ఉప్పు రేణువుల చార్జిని కప్పేసి గడ్డకట్టిస్తుంది కాబట్టి చివరి కడుగు స్టెరైల్ నీళ్లతోనే. సూదిని పాకెట్ అడుగుదాకా దించి, జెల్ వదులుతూ మెల్లగా పైకి లాగాలి. పైనుంచి నింపితే అడుగున గాలి బుడగ మిగులుతుంది. మామూలు జెల్‌కు మూడు నిమిషాలు చాలు, నానో జెల్‌కు లేబుల్ మీది సమయం. మిగులు జెల్ కడిగేసి, పంటి చుట్టూ ఆరు చోట్ల పది సెకన్ల చొప్పున కాంతి ఇవ్వాలి. 100 మిల్లీవాట్ల దగ్గర పంటికి 6 జౌళ్లు. ఆపకుండా కొడితే లోపలి ఆక్సిజన్ అయిపోతుంది, ఆరు చోట్లకు మారుతూ వెళ్తే కోలుకునే వ్యవధి దొరుకుతుంది. టిప్ మీద రక్తం ఎండితే పవర్ పడిపోతుంది, పవర్ మీటర్‌తో చూసుకోవాలి. రోగికీ, డాక్టరుకూ కళ్లద్దాలు తప్పనిసరి. జీ6పీడీ లోపం (మిథిలీన్ బ్లూ వల్ల ఎర్ర రక్తకణాలు చితికే ప్రమాదమున్న ఎంజైమ్ లోపం) ఉందేమో ముందే అడగాలి.

ఒక చిన్న పరీక్ష: జెల్ చుక్కను గాజు గొట్టంలో నీళ్లలో కలిపి గంట ఉంచండి. అడుగున నీలి మడ్డి పేరుకుంటే రేణువులు గడ్డకట్టినట్టే. పీఎల్‌జీఏ నీళ్లలో మెల్లగా విడిపోతుంది కాబట్టి, నెలల తరబడి నీళ్లలో నిలవున్న సీసా కన్నా పొడిగా వచ్చి అదే రోజు కలుపుకునేది నయం. కలిపాక చీకట్లో ఉంచాలి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు.